బి సైడులో ఆమె అడిగింది

ఆ క్యాసెట్టు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఎ సైడు మీద నా గొంతు ఒక్కటే ఉంటుంది. బి సైడు మీద మా రూమ్‌లోని తొమ్మిది మంది గొంతులూ ఉంటాయి, మధ్యమధ్య నవ్వులు. ఒక టీవీ సీరియల్‌లో కోడలి గురించి మేం పంచాయితీ పెట్టి చెప్పిన తీర్పు అది. చెప్పింది నా భార్య ప్రాణం గురించి అని అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. తెలియదని రాసి చేతులు దులుపుకోవడం తేలిక. మిగతావాళ్లకు తెలియకపోవచ్చు, నాకు తెలియాలి. తెలుసుకునే దారి కూడా ఆమె పెట్టింది. ఇన్నేళ్లయినా ఎవరైనా నా ముందు కూర్చుని నిన్న టీవీలో చూసినదాని మీద వాదించుకుంటుంటే నేను లేచి బయటికి వెళ్లిపోతాను. ఇంట్లోవాళ్లు చాదస్తం అనుకుంటారు. అనుకోనీ.

తొంభైల మొదట్లో మేం గల్ఫులో, సలాలా పక్కన రైసూత్‌లో ఉండేవాళ్లం. ఓడరేవుకి దగ్గరలోనే కంపెనీ క్యాంపు. నాది సెంట్రింగు పని. రూమ్‌లో తొమ్మిది మంచాలు, తొమ్మిదోది కిటికీకి అడ్డంగా వేశాం. అందరం మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల పక్క ఊళ్లవాళ్లమే. శుక్రవారం డ్యూటీ ఉండదు. పొద్దున బట్టలుతుక్కుని, మధ్యాహ్నం మెస్సులో అన్నం తిని టీవీ ముందు చేరేవాళ్లం. టీవీలో వచ్చేది అరబ్బీ. ఒక్క ముక్క అర్థం కాదు. అయినా అభిప్రాయాలకు లోటు లేదు. తెల్లగడ్డం పెద్దాయన ఆస్తి పెద్దకొడుకు పేర రాస్తున్నాడని ఒకడంటే, కాదు, బిడ్డకు సంబంధం మాట్లాడుతున్నాడని ఇంకొకడు. ఒకసారి ఒకావిడ గుండెలు బాదుకుని ఏడుస్తుంటే భర్త పోయాడని మేం కూడా కళ్లు తుడుచుకున్నాం. మరుసటి వారం ఆ భర్త దర్జాగా వచ్చి సోఫాలో కూర్చుని టీ తాగాడు. నవ్వలేక చచ్చాం.

నోరున్నవాడికే కథ దక్కేది. నాకు నోరెక్కువ. అందరినీ వరసగా అడిగి, చివరికి తీర్పు నేను చెప్పేవాణ్ని. "పెద్దమనిషి లేచిండు" అని ఎగతాళి చేసేవాళ్లు గానీ, తీర్పు కోసం నావైపే చూసేవాళ్లు. పంచాయితీ అన్నాక తీర్పు ఒక్కటే ఉండాలని నేను పెట్టిన రూలు. చెప్పాక ఎవడూ నోరెత్తకూడదు. సైట్ మీద ఫోర్‌మన్ ఏమన్నా నోరు మూసుకుని పడి ఉండేవాణ్ని. రూమ్‌లోనన్నా నా మాట చెల్లాలని ఉండేదేమో.

తెలుగు సీరియల్ మాత్రం ఇంటి నుంచి రావలసిందే. వారానికి ఒకనాడు సాయంత్రం వచ్చేది. మా ఊళ్లో ఆడవాళ్లంతా రేషన్ డీలర్ ఇంటి వాకిట్లో కూర్చుని చూసేవాళ్లట. పెద్ద మేడ, ఇద్దరు కోడళ్లు, చిన్న కోడలి మొగుడు దూరదేశంలో. మా రూమ్‌లో ఒకతని బావమరిదికి మెట్‌పల్లిలో వీడియోల దుకాణం ఉండేది. అతను వారం వారం దాన్ని రికార్డు చేసి, సెలవు అయిపోయి తిరిగొచ్చేవాళ్ల చేత పంపేవాడు. మూడు నాలుగు నెలలకొకసారి పన్నెండు పదిహేను వారాల కథ ఒక్కసారే మా చేతికొచ్చేది. అంతదాకా ఆగేదెవరు?

అక్కడ నా భార్య ఆదుకుంది. ఆమె నా మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచీ నన్ను బావా అనే పిలిచేది. బళ్లో చదివింది తక్కువే గానీ కథ చెప్పడం మొదలుపెడితే ముసలి అత్తకో గొంతు, చిన్న కోడలికో గొంతు పెట్టి చెప్పేది. ఆ రోజుల్లో గల్ఫులో ఉన్న మాబోటి వాళ్లందరం ఉత్తరాలకు బదులు క్యాసెట్లే పంపుకునేవాళ్లం. ఎ సైడు నాకు. అమ్మ మోకాళ్ల నొప్పులు, వానలు, బర్రె ఈనడం. బి సైడు రూమ్‌కి. ఆ నెల సీరియల్ కథ అందులో ఉండేది. ఆమె క్యాసెట్టు పెట్టిన శుక్రవారం మా రూమ్‌లో మంచాల మీద చోటుండేది కాదు. పక్క రూముల వాళ్లు కూడా "వదిన ఏం జెప్పింది?" అంటూ వచ్చేవాళ్లు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. జవాబు మళ్లీ అదే క్యాసెట్టు మీద పోయేది. ఆమె చెప్పింది వినేశాక, వెనక్కి తిప్పి, దాని మీదే నేను మాట్లాడి పంపేవాణ్ని. ఆమె కూడా అంతే. నా మాట ఆమె మాటను తుడిచేసేది, ఆమె మాట నా మాటను తుడిచేసేది. ఒక్క క్యాసెట్టు మూడేళ్లు అటూ ఇటూ తిరిగింది. అందులో తప్పేమిటో మాకు తోచలేదు.

ఆ ఏడు ఎండలు ముదరకముందు ఒక క్యాసెట్టు వచ్చింది. ఎ సైడులో అందరం మంచిగున్నం, నువ్వు మంచిగుండు అంది. బి సైడులో కథ ఎత్తుకుంది. మేడలో అత్త నగలు పంచడం దాకా చెప్పి, గొంతు కొంచెం తగ్గించింది.

"ఇగ చిన్న కోడలి సంగతి వినుండ్రి. ఆమెకు సంకల గడ్డ లేసింది. నొప్పి లేదు గని పెరుగుతున్నది. చాటల ఆకు వెట్టుకొని బీడీలు చేద్దామని కూసుంటె కుడి చెయ్యి లేస్తలేదు. ఎవ్వలకు చెప్పలే. అత్తకు చెప్తె భయపడుతది. మొగడేమో దూరదేశంల ఉండె. ఆయనకు చెప్పాల్నా వద్దా అని ఒక్కతే కూసోని ఏడుస్తున్నది. ఈ వారం గాడికే ఆపిండ్రు. మీ రూమ్ల పంచాయితి వెట్టి చెప్పుండ్రి బావా, ఆమె చెప్పాల్నా, వద్దా? నాకైతే మస్తు రంది అయితున్నది."

క్యాసెట్టు ఆగింది. రూమ్ దద్దరిల్లింది. మాకు ఇంతకంటే మంచి పంచాయితీ ఎప్పుడు దొరికింది గనక? వెనక్కి తిప్పి, ఎర్ర బటన్ నొక్కి, రికార్డరు మధ్యలో పెట్టాను.

"చెప్తె ఆయన ఏంజేస్తడు? ఆడికెళ్లి మందు వంపుతడా?" అన్నాడు ఒకడు.

"పోయినేడు టెలిగ్రాం అందుకొని, తెల్లారి పైకెక్కి పడ్డోడు యాదికున్నడా? ఇంటి ముచ్చట చెవుల వడితే మనిషి సైట్ మీద ఉంటడా?" అన్నాడు ఇంకొకడు. అతన్ని కిందినుంచి ఎత్తినవాళ్లలో నేనూ ఉన్నాను.

తొమ్మిది మందిలో ఒక్కడు కూడా చెప్పాలని అనలేదు. అప్పుడు నేను గొంతు సవరించుకున్నాను. ఆ తీర్పు నాకు అక్షరం అక్షరం కంఠతా వచ్చు. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

"చెప్పొద్దు. ఇది మా రూమ్ తీర్పు. ఆయన మనసు కరాబు చేసుడు మంచిది కాదు. కాంట్రాక్టు ఒడిసి ఆయన ఇంటికొచ్చేదాక ఓపిక వట్టాలె. గడ్డ యాడికన్న పారిపోతదా? ఆడనే ఉంటది."

అందరూ పడీ పడీ నవ్వారు. క్యాసెట్టు తిరిగేటప్పటి నుంచే మెస్సులో వంట చేసే కడప భాయ్ టీ కెటిల్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ప్రతి శుక్రవారం టీ పోయడానికొచ్చి, అక్కడే నిలబడి సగం కథ వినేవాడు. అతను మా రూమ్ మనిషి కాదు, మా పంచాయితీలో అతనికి మాట లేదు. నవ్వులు తగ్గగానే అతను "అట్ల కాదప్పా..." అన్నాడు. తీర్పు అయిపోయాక మళ్లీ ఈయనెవడు అని నాకు చిర్రెత్తింది. నవ్వు మీద ముగిస్తేనే బాగుంటుందని టక్కున బటన్ నొక్కేశాను. "టీ పొయ్యి భాయ్, చల్లారుతది" అన్నాను. అతను పోశాడు.

ఆ తర్వాత ఆమె నుంచి రెండు క్యాసెట్లు వచ్చాయి. రెండూ కొత్తవి. పాతదేమైందని నేను అడగలేదు. మొదటిదాని బి సైడులో "మీరు జెప్పినట్టే ఆమె చెప్పలే, ఓపిక వట్టింది" అంది. మేం చప్పట్లు కొట్టాం. సీరియల్ రాసేవాడు కూడా మా రూమ్ తీర్పు తప్పలేదని నేను మీసం దువ్వుకున్నాను. ఆ తర్వాత ఆమె చిన్న కోడలి ఊసెత్తలేదు. పెద్ద కోడలి గొలుసు పోయిన కథ చెప్పింది. గొంతు కొంచెం బలహీనంగా ఉందనిపించింది. జలుబు చేసి ఉంటుందనుకున్నాను.

సలాలాలో ఆషాఢ శ్రావణాల్లో ముసురు పట్టుకుంటుంది. మనం పంటకు అనే మాటే వాళ్లు ఆ ముసురుకు అంటారు, ఖరీఫ్ అని. గోడలు చెమ్మగిల్లుతాయి, వీడియో క్యాసెట్లకు బూజు పడుతుంది. ఆ ముసురులోనే మా రూమ్ మనిషి ఒకతను సెలవు ముగించుకుని వీడియోలు తెచ్చాడు. ఎండాకాలం ముందు నుంచి వచ్చిన వారాలన్నీ ఉన్నాయి. శుక్రవారం మధ్యాహ్నం తలుపు వేసుకుని కూర్చున్నాం. నగలు పంచడం వచ్చింది. ఇక గడ్డ వస్తుందని ముందుకు జరిగాం. రాలేదు. చిన్న కోడలు మేడ మీద పట్టుచీర కట్టుకుని పూలు మాల కడుతోంది. మరుసటి వారం ఆమె పుట్టింటికి పోయింది. ఆ పై వారం ఆమెకు నెల తప్పింది, అందరికీ స్వీట్లు పంచారు.

"నీ బావమరిది ఒక వారం మింగిండు" అని నేను ఆ వీడియో దుకాణం బావమరిది ఉన్నతని మీద ఎగిరాను. అతనూ ఎగిరాడు. కాలర్లు పట్టుకునేదాకా వచ్చింది. అప్పుడు సెలవు నుంచి వచ్చినతను మెల్లగా అన్నాడు.

"ఒక్క వారం గూడ పోలేదన్నా. ఇంటికాడ నేను గూడ చూసిన. అండ్ల గడ్డ లేదు, గిడ్డ లేదు."

నేను అతన్నీ తిట్టాను. నీకేం తెలుసురా అన్నాను. తిడుతూనే ఉన్నాను. ఒకడు టీవీ కట్టేశాడు. ఎవరూ నా వైపు చూడటం లేదు. అప్పుడు అర్థమైంది, నాకు అర్థమయ్యేలోపే వాళ్లందరికీ అర్థమైందని.

ఆమె ఏమన్నదో మళ్లీ వినాలి. ఎలా వింటాను? దాని మీద మా నవ్వులు నింపి పంపేశాను. ఆమె గొంతు మా తీర్పు కిందనే పోయింది. రూమ్‌లో ఒక్కొక్కణ్ని పట్టుకుని అడిగాను. ఏ చెయ్యి అన్నది? ఒకడు ఎడమ అన్నాడు, ఒకడు కుడి అన్నాడు. గడ్డ ఎక్కడన్నది? సంకలో అన్నాడొకడు, మెడకన్నాడొకడు. నొప్పి ఉందన్నదా, లేదన్నదా? ఎప్పటి నుంచి అన్నది? ఒకడు మంచం మీద తల పట్టుకుని, "యాదికొస్తలేదన్నా, నీ కాళ్లు మొక్కుత" అన్నాడు. లేని సీరియల్‌ని తొమ్మిది మందిమి కలిసి గుర్తు తెచ్చుకుంటున్నాం. నాకు పిచ్చెక్కినట్టయింది, గోడకు తల బాదుకున్నాను.

కడప భాయ్‌ని పిలిపించారు. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి, గుమ్మంలోనే నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"కుడి చెయ్యి అనింది. సంకలో గడ్డ. నొప్పి లేదు, పెరగతాండాది. అత్తకు చెప్పలేదు. బీడీలు చుట్టేదానికి చెయ్యి లేయలేదు అనింది."

నా వైపు తిరిగి అన్నాడు. "ఆ పొద్దే అడగబోతిని గదప్పా. అంత పెద్ద మేడలో కోడలు బీడీలు చుట్టేదేందని. నువ్వు బటన్ ఒత్తేస్తివి."

మా రూమ్‌లో తొమ్మిది మందికీ ఇంట్లో తల్లో, పెళ్లామో, చెల్లెలో చాట ముందర పెట్టుకుని బీడీలు చేసేవాళ్లే. మా ఊళ్లలో ఆడమనిషి అంటే చేతిలో ఆకు, కత్తెర ఉండాల్సిందే. మేడలో ఉండే కోడలు బీడీలు చేస్తుందంటే మాలో ఒక్కడికీ వింత అనిపించలేదు. కడపవాడికి అనిపించింది.

తెల్లారి కంపెనీ ఆఫీసుకు పోయాను. పాస్‌పోర్టులన్నీ అక్కడే, బీరువాలో. నా కాంట్రాక్టు ఇంకా ఎనిమిది నెలలుంది. టైంకీపర్ హైదరాబాద్ మనిషి. భార్యకు బాగోలేదు, సెలవు కావాలన్నాను. కాగితం ఏది, టెలిగ్రాం ఏది అన్నాడు. లేదన్నాను. మరి నీకెలా తెలిసింది అన్నాడు. నేనేం చెప్పను? సీరియల్‌లో ఒక సీను రాలేదు సార్, అందుకని తెలిసింది అన్నాను. అతను పెన్ను కింద పెట్టి నన్ను పైకీ కిందికీ చూశాడు.

"సీరియల్ దేఖ్‌కే ఛుట్టీ మాంగ్‌రా క్యా? జా, జా, డ్యూటీ పే జా."

సీరియల్ చూసి సెలవు అడగడమేమిటని పక్క టేబుల్ వాళ్లు కూడా నవ్వారు. వాళ్లను అనడానికి నాకు నోరెక్కడిది? అంతకన్నా గట్టిగా నేను నవ్వి ఉన్నాను.

వీడియో దుకాణంలో ఫోనుంది. అక్కడికి కబురు చేసి, వచ్చే శుక్రవారం ఆమెను తీసుకొచ్చి కూర్చోబెట్టమన్నాను. ఆ వారం ఎలా గడిచిందో చెప్పలేను. సైట్ మీద మేకు కొట్టబోయి రెండుసార్లు వేలు చితక్కొట్టుకున్నాను. శుక్రవారం సలాలాలో ఫోన్ల దగ్గర వరసలో నిలబడ్డాను. లైను కలిసింది.

"బావా, ఏమైంది? నువ్వు మంచిగున్నవా?" ఆమె నా గురించి భయపడుతోంది. పక్కన అమ్మ దగ్గు వినపడింది.

"సీరియల్ల చిన్న కోడలికి ఎట్లున్నది?" అన్నాను.

"ఏ కోడలు?"

"బీడీలు చేసే కోడలు."

లైను తెగిందేమోనని హలో హలో అని అరిచాను.

"చెయ్యి వాసింది" అంది.

"చెప్పుమను. ఇయ్యాల్నే అత్తకు చెప్పుమను. దవాఖానకు పొమ్మను."

"మీరే గద వద్దన్నరు బావా. అందరు కల్సి."

"మేం గాడిదలం! మా తీర్పు తప్పు, చెప్పుమను!" అని అరిచాను. వరసలో ఉన్న పాకిస్తానీలు, బెంగాలీలు నా వైపు తిరిగారు. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. ఆమె ఏడవలేదు. "సరే తియ్యి, చెప్తది" అని ఫోను అమ్మకిచ్చింది. అమ్మకు నేనే చెప్పాను. బిడ్డా, పక్కలనే పండుకుంటది, నాకు ఒక్క మాట చెప్పలేదేందిరా అని అమ్మ అక్కడే కూలబడిందట. క్యాసెట్టు రికార్డు చేసినప్పుడు కూడా అమ్మ పక్కనే ఉంది. ఆమె చెబుతున్నది సీరియల్ కథే అనుకుని ఊ కొడుతూ విన్నది.

ఊరి నుంచి టెలిగ్రాం ఇప్పించాను. ఆఫీసులో దాన్నీ నమ్మలేదు. సెలవు కోసం అందరూ అలాంటి టెలిగ్రాంలే తెప్పించుకునేవాళ్లు, మా నిజం కూడా వాటిలో కలిసిపోయింది. చివరికి ఉద్యోగం వద్దని రాసిచ్చి, పాస్‌పోర్టు చేతికొచ్చేసరికి నలభై రోజులు పట్టింది. బయలుదేరే రోజు కడప భాయ్ దారిలో తినమని రొట్టెలు కట్టిచ్చాడు. అతని చెయ్యి పట్టుకున్నాను.

అప్పటికే అమ్మ ఆమెను హైదరాబాద్ పెద్దాసుపత్రిలో చేర్పించింది. డాక్టరు చిన్నవాడు. ఆర్నెల్ల కింద తెచ్చుంటే అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేశాడు. ఆర్నెల్ల కింద నేనేం చేస్తున్నానో నాకు తెలుసు. గడ్డ ఎక్కడికీ పారిపోదని చెబుతున్నాను.

ఆమె చెయ్యి తొడంత వాచి దిండు మీద ఉండేది. నేను దాని పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ని. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. తిట్టు, కొట్టు అని ఒకసారి బతిమాలాను కూడా. ఊర్కో బావా, అందరు చూస్తున్నరు అంది. వచ్చేటప్పుడు మా తీర్పున్న ఆ క్యాసెట్టూ చిన్న టేప్‌రికార్డరూ తనతో తెచ్చుకుంది. దిండు కింద పెట్టుకునేది. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఒక మధ్యాహ్నం అమ్మ టీ తేవడానికి కిందికి పోయినప్పుడు ఆమే అడిగింది.

"బావా, ఒకటి అడుగుత చెప్తవా? అండ్ల ఆఖర్ల ఒకాయన 'అట్ల కాదప్పా' అన్నడు. అంతల్నే టక్కుమన్నది. ఎన్నిసార్లు వెట్టుకొని విన్నా గంతే ఉన్నది. ఆయన ఏం జెప్పవోయిండు?"

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆ అబద్ధానికి నాకు నోరు రాలేదు.

"గంత పెద్ద మేడల కోడలు బీడీలు చేసుడేందని అడగవోయిండు" అన్నాను.

ఆమె ముఖం మెల్లగా నా వైపు తిప్పింది. నవ్వబోయింది.

"గది నువ్వు అడుగుతవనుకున్న బావా" అంది. "నువ్వు పట్టుకుంటవనే బీడీలు వెట్టిన."